తొమ్మిదో పాఠంలో ఇరవై రెండో నిమిషం

లాల్‌దర్వాజా, హైదరాబాద్
మార్చి 4

మీకు,

పైన ఏమని రాయాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. మీ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఏడో తరగతి తర్వాత నేను ఎవరికీ ఏమీ రాయలేదు, తప్పులుంటే మనసులో పెట్టుకోవద్దు. పెళ్ళయిన పదకొండో రోజు మీరు బయలుదేరుతూ, "ఆ కొండల్లో సిగ్నల్ ఉండది. ఏమన్న ఉంటే ఉత్తరం రాయి" అని చిరునామా చీటీ నా చేతిలో పెట్టారు. ఇన్నాళ్ళూ ఏమీ లేదు. ఇప్పుడు ఒకటి వచ్చింది.

మీ కంప్యూటరు ఆగిపోతోంది.

మీరు వెళ్ళే ముందు మూలగదిలో దాన్ని ఎలా తెరవాలో, ఎలా మూయాలో చూపించారు. నేను తల ఊపాను గానీ సగమే విన్నాను. మీరు అంత దగ్గరగా నిలబడి మాట్లాడటం అదే మొదలు.

ఎవరికీ చెప్పని మాట ఒకటి మీకు చెబుతున్నాను. ఫలక్‌నుమాలో నీలమ్మ అనే అక్క మగ్గం పని కార్ఖానా నడుపుతుంది. జాకెట్ల మీద కొక్కెం సూదితో కుట్టే పని. ఆమె ఇంటర్నెట్‌లో తొమ్మిది పాఠాలు పెట్టింది. బోనాల తర్వాత కార్ఖానాలో ఇద్దరు కొత్తవాళ్ళను తీసుకుంటుందట. పాఠాలన్నీ చూసి, సొంతంగా ఒక నమూనా కుట్టి తీసుకుపోవాలి. పాఠాలు జూన్ ముప్పై దాకే ఉంటాయి. ఆ ఇద్దరిలో నేను ఒకదాన్ని కావాలని ఉంది. ఈ మాట రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి.

ఎనిమిది పాఠాలు చిన్నవి, చూసేశాను. తొమ్మిదోది పెద్దది, నలభై నిమిషాలు. దానిలోనే చివరి ముడి ఉంది. గొలుసు కుట్టు ఎంత అందంగా వేసినా ఆ ముడి రాకపోతే కొస పట్టి లాగగానే జరజరా మొత్తం ఊడివస్తుంది. ఇరవై రెండో నిమిషంలో అక్క సూది పైకెత్తి, "ఇగ ఇప్పుడు మంచిగ చూడుండ్రి" అంటుంది. అక్కడ బొమ్మ ఆగిపోతుంది. మాట కూడా ఆగుతుంది. బాణం గుర్తు కదలదు. కాసేపటికి ఇంగ్లీషులో రెండు గడులు వస్తాయి, ఒకదాని మీద 'వెయిట్' అని ఉంటుంది. నేను అదే నొక్కుతాను. రెండోది నొక్కితే ఏమవుతుందో అని భయం. మధ్యాహ్నం మామయ్య బస్సు డిపోలో ఉంటారు, అత్తమ్మ కునుకు తీస్తుంటారు. నేను ఆ ఆగిన సూదిని చూస్తూ కూర్చుంటాను. దారం గాలిలో వంపు తిరిగి ఉంటుంది. ఎంతసేపు చూస్తానో నాకే తెలియదు. ఒకరోజు పాలు పొంగి అడుగంటాయి.

అత్తమ్మ లేచి వచ్చి, "ఏంది పిల్లా, గా డబ్బ మళ్ళ నిలవడ్డదా? గదానికి గూడ నీ లెక్కనే సిగ్గున్నట్టుంది" అన్నారు.

పెద్ద ఫోను మామయ్య జేబులో ఉంటుంది, అడగడానికి నోరు రాదు. ఆ పాఠాల పేజీలో ముందుకు జరపనివ్వరు, మూసి తెరిస్తే మొదటి నుంచే చూడాలి. ఏం చెయ్యాలో రాయండి.

మరిచాను. మీ కంప్యూటరు డబ్బాకు, బొమ్మ వచ్చేదానికి కాదు, పక్కన బొత్తం ఉండేదానికి, కవరు కుట్టాను. మన ఇంట్లో టీవీకి, ఫ్రిజ్జుకు, మిక్సీకి అన్నింటికీ ఉంది, మీ డబ్బా ఒక్కటే బట్ట లేకుండా ఉంది పాపం. దాని మీద రెండు చిలకలు కుట్టాను.

ఇట్లు,
వీణ

*

సర్వే శిబిరం, అరుణాచల్ ప్రదేశ్
మార్చి 19

వీణకు,

ఉత్తరాలు గురువారం రేషన్ లారీలో వస్తాయి. బియ్యం బస్తాల మధ్య నుంచి డ్రైవరు నా పేరు పిలిస్తే ఆఫీసు కాగితమేమో అనుకున్నాను.

నువ్వు రాసింది చక్కగా అర్థమైంది. ఏ నిమిషంలో, ఏ మాట దగ్గర ఆగుతుందో రాశావు. కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేసిన రోజుల్లో చదువుకున్నవాళ్ళు కూడా "ఊరికే ఆగుతుంది" అనేవారు, అంతే.

ముందుగా, ఇక 'వెయిట్' నొక్కకు. రెండో గడి నొక్కు. ఏమీ కాదు, ఆ పేజీ ఒక్కటే మూసుకుంటుంది. తర్వాత బ్రౌజరు పైన చూడు, చిన్న చిన్న చీటీల్లాంటివి వరసగా ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో తెరిచిన పేజీ. పాఠం చూసేటప్పుడు అదొక్కటే ఉంచి మిగతావి మూసెయ్యి. అన్నీ తెరిచి ఉంటే డబ్బాకు జ్ఞాపకం చాలదు. ఇంకొకటి, కుడివైపు మూలన మూడు చుక్కలుంటాయి. వాటిలో చరిత్ర అని ఉన్నచోట పాత నిల్వలు తుడిచెయ్యి. ఎక్కడెక్కడ నొక్కాలో వెనక కాగితం మీద బొమ్మ గీశాను. వీడియో కింద పళ్ళచక్రం గుర్తు నొక్కి బొమ్మ నాణ్యత తగ్గించు. కొంచెం మసకగా కనిపించినా ఆగకుండా నడవచ్చు.

ఇక్కడ నా పని తలకిందులు. పొద్దున్నే మంచు గదిలోకి వచ్చి బల్లల మీద కూర్చుంటుంది. చలికి, తడికి కంప్యూటర్లు లేవవు. నేను వాటి పక్కన పెద్ద బల్బు వెలిగించి, కంబళి కప్పి, పసిపిల్లల్ని లేపినట్టు లేపుతాను. ఇంజనీర్లు నవ్వుతారు.

కవరు సంగతి రెండుసార్లు చదివాను. గుడ్డ మందమా, పల్చనా? వెనకవైపు కూడా మూసి కుట్టావా?

జగదీశ్వర్

*

లాల్‌దర్వాజా
ఏప్రిల్ 3

మీకు,

చీటీలు లెక్కపెట్టాను. నలభై ఒకటి ఉన్నాయి! తెరిచిన ప్రతి పాఠాన్నీ మూయకుండా ఉంచాను. మూస్తే అక్క పోయి మళ్ళీ దొరకదేమో అనుకున్నాను. ఒక్కొక్కటే మూస్తుంటే తీగ మీది పిట్టలు ఎగిరిపోయినట్టు అనిపించింది. మర్నాడు తెరిచి చూస్తే అక్క అక్కడే ఉంది. ఎంత నవ్వుకున్నానో.

మీ బొమ్మ చూసి నిల్వలు తుడిచాను. నాణ్యత తగ్గించాను. అక్క ముఖం నీళ్ళలో ఉన్నట్టు కనిపించింది. అయినా ఆగింది. ఇప్పుడు ఎండలు ముదిరాయి, ఇరవై రెండో నిమిషం దాకా కూడా పోవడం లేదు. పంతొమ్మిదిలోనే ఆగుతోంది. మీరు చెప్పినట్టు రెండో గడి నొక్కి మళ్ళీ మొదలుపెడితే ఈసారి అయిదు నిమిషాలకే ఆగింది. అలసిపోయినట్టుంది.

కవరు గురించి అడిగారు. చెబితే ఏమనుకుంటారో. అది మన పెళ్ళి అడ్డుతెర. పెట్టెలో ముడుచుకొని ఉంది. "పురుగులు తింటే ఏం లాభం? దేనికన్న కుట్టుకో" అని అత్తమ్మే ఇచ్చారు. కత్తెర పెట్టకుండా నాలుగు మడతలు వేసి, లోపల పాత బొంత దూది పరిచి మెత్తగా కుట్టాను. అన్నివైపులా మూసే ఉంది, వెనక కూడా. మా అమ్మమ్మ అనేది, వెనక కనిపించని చోటే పనితనం తెలుస్తుందని. ముందు బొత్తం దగ్గర మాత్రం చిన్న రెప్ప ఉంది, అది ఎత్తి నొక్కుతాను. దాన్ని పూర్తిగా తీయను, తీస్తే బట్ట నలుగుతుంది.

ఒక మాట. ఆరోజు ఆ తెర దించినప్పుడు అందరూ "చూడు పిల్లా, చూడు" అన్నారు. నేను తలెత్తలేదు. మీ పాదాలే చూశాను. ఎడమ బొటనవేలికి పసుపు అంటి ఉంది. మీ ముఖం సరిగా చూడటానికి నాకు మూడురోజులు పట్టింది, అదీ మీరు కంప్యూటరు వైపు తిరిగి ఉన్నప్పుడు.

ఒక చిలక రెక్క ఊడిపోయింది. అత్తమ్మ గాజు తగిలి దారం కొస పట్టుకుంది. రెక్క మొత్తం ఒక్క దారమై ఆమె చేతికి చుట్టుకుంది. "అయ్యో, నీ పిట్ట ఎగిరిపోయెనే" అన్నారు. మళ్ళీ కుట్టి వెనక జిగురు రాసి నిలబెట్టాను. నీలమ్మక్క ముందు జిగురు నిలవదు. చివరి ముడి నేర్చుకోవాల్సిందే.

మంచు వచ్చి బల్ల మీద కూర్చుంటుందని రాశారు. ఆ మాట పట్టుకొని మొన్న మధ్యాహ్నమంతా ఉన్నాను.

వీణ

*

సర్వే శిబిరం
ఏప్రిల్ 18

వీణకు,

ఇది చేసి చూడు. తొమ్మిదో పాఠం పక్కన పెట్టి, ఆగని చిన్న పాఠం ఒకటి తెరువు. అయిపోగానే మళ్ళీ అదే పెట్టు, మళ్ళీ అదే. అది కూడా ఇరవై నిమిషాల దగ్గర ఆగితే తప్పు పాఠానిది కాదు. ఆగకపోతే తొమ్మిదో పాఠానిదే.

ఇంకా ఉన్నాయి. బ్రౌజరుకు అదనంగా తగిలించినవి ఏవైనా ఉంటే తీసెయ్యి. మా నాన్న పంచాంగమని ఒకటి తగిలించినట్టు గుర్తు. సెట్టింగుల్లో 'హార్డ్‌వేర్ యాక్సిలరేషన్' అని ఇంగ్లీషులో ఉంటుంది. అక్షరాలు కింద గీశాను, పోల్చి చూసుకో. దాని పక్క మీట నీలంగా ఉంటే నొక్కి తెల్లగా చెయ్యి. బ్రౌజరును కొత్తదానికి మార్చమని అడిగితే సరేనను.

ఇవేవీ పనిచేయకపోతే కిషన్‌బాగ్‌లో డానియేలు ఉన్నాడు. నా దోస్తు, దుకాణంలో కలిసి పనిచేశాం. అమ్మ ఫోను చేస్తే వస్తాడు.

ఈ వారం వాన. కింద లోయలో మబ్బు నది లాగా పారుతోంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, నీళ్ళు కనిపించవు. చిలక రెక్క గురించి చదివి నవ్వాను. ఇక్కడ నేను నవ్వితే అందరూ తిరిగి చూస్తారు.

జగదీశ్వర్

*

లాల్‌దర్వాజా
మే 6

మీకు,

కవరు గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. అడిగింది మీరే. తెర గుడ్డ వాడినందుకు కోపం వచ్చిందేమో అని రెండురోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత మరిచిపోయారులే అనుకున్నాను.

చిన్న పాఠం మళ్ళీ మళ్ళీ పెట్టాను. పద్దెనిమిదో నిమిషంలో అదీ ఆగింది. పాపం, తొమ్మిదో పాఠం తప్పేమీ లేదు. మామయ్య పంచాంగం తీసేశాను. మీట తెల్లగా చేశాను. అయినా అంతే.

డానియేలన్న వచ్చాడు. నేను వంటింట్లో నుంచి బయటికి రాలేదు. కొత్తవాళ్ళ ముందు నా సంగతి మీకు తెలుసు గదా. తలుపు వెనక నుంచి అంతా విన్నాను.

"పెద్దమ్మా, ఏమైందంట దీనికి?"

"మాకేమెర్క బిడ్డా. జర సేపు ఆడ్తది, నిలవడ్తది. మా కోడలు దాని ముంగట దేవుని ముంగట కూసున్నట్టు కూసుంటది."

కాసేపు తడతడా చప్పుడు. తర్వాత క్రికెట్ పెట్టాడు. ఒక గంటసేపు చూశాడు! ఒక్కసారి కూడా ఆగలేదు. జనం అరుపులు వంటింటి దాకా వినిపించాయి.

"బిల్కుల్ మంచిగున్నది పెద్దమ్మా. జగదీశ్ అన్న చేసిన మిషన్ గిట్ల ఖరాబ్ అయితదా? వదినా, ఫికర్ చెయ్యకు!" అని తలుపు వైపు అరిచాడు. నేను గిన్నెలు గట్టిగా సర్దాను, అదే నా జవాబు.

అతను వెళ్ళాక మూలగదిలోకి పోయాను. అత్తమ్మ కవరు తొడుగుతున్నారు. "తీసి అవతల పడేసిండు. ఈ పోరలకు వస్తువుల మీద ఇజ్జత్ లేదు" అన్నారు. నేను కూర్చుని తొమ్మిదో పాఠం పెట్టాను. పదకొండో నిమిషంలో ఆగింది.

అత్తమ్మ చెయ్యి నడుము మీద పెట్టుకొని, "మగోళ్ళు వస్తె మంచిగ నడుస్తది. నువ్వు కూసుంటె నడువది. ఏం సంబంధం మీది?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ నాకు అది పట్టుకుంది. నేను కూర్చున్నందుకే ఆగుతోందా? నాకు నేర్చుకునే రాత లేదా? ఇంకా ఎనిమిది వారాలే ఉన్నాయి. ఫలక్‌నుమా ఇక్కడికి ఎంతో దూరం లేదు, పోయి అక్కనే అడగొచ్చు. నాలుగుసార్లు చెప్పులు వేసుకున్నాను. నాలుగుసార్లు గడప దగ్గర విప్పాను.

మీరేమనుకుంటున్నారో నిజం చెప్పండి.

వీణ

*

సర్వే శిబిరం
మే 23

వీణకు,

నువ్వు కూర్చున్నందుకు ఆగడం లేదు. ఆ మాట మనసులోంచి తీసెయ్యి. అమ్మ ఊరికే అంటుంది.

బల్ల ఫ్యాను దాని వైపు తిప్పి చూడు. వానలు మొదలైతే అదే సర్దుకోవచ్చు. ఎండ తగ్గాక చూడు.

ఇంకా రాయాలని ఉంది, లారీ బయలుదేరుతోంది.

జగదీశ్వర్

*

లాల్‌దర్వాజా
జూన్ 27

జగదీశ్వర్ గారికి,

చూశారా, పేరు రాశాను. కోపంలో చెయ్యి వచ్చింది.

ఏడు వారాలుగా రాయలేదు. ఫ్యాను తిప్పాను. ఫ్యాను గాలికి చిలకలు కదిలాయి, లోపల ఏమీ కాలేదు. వానలు వచ్చాయి. పదకొండు నిమిషాలు పదిహేను అయ్యాయి, అంతే.

ఈరోజు బోనాల పండుగ కోసం ఇల్లంతా దులపడం మొదలుపెట్టాం. అత్తమ్మ పొద్దున్నే టీవీది, ఫ్రిజ్జుది, మిక్సీది, మీ డబ్బాది, అన్ని కవర్లూ తీసి నానబెట్టి ఉతికారు. మధ్యాహ్నం మబ్బు వేసి ఉంది. దండెం మీద చిలకల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇల్లంతా బట్టలు విప్పినట్టుంది. ఏమీ తోచక తొమ్మిదో పాఠం పెట్టాను.

పదిహేను దాటింది. ఇరవై రెండు వచ్చింది. అక్క సూది పైకెత్తింది, "ఇగ ఇప్పుడు మంచిగ చూడుండ్రి" అంది. సూది కిందికి దిగింది.

దిగింది! నాలుగు నెలలుగా గాలిలో ఉన్న సూది గుడ్డలోకి దిగింది. దారాన్ని వెనక్కి మలిచి, చివరి గొలుసులోంచి పైకి లాగి, దాని పక్కనే చిన్న కుట్టు వేసి బిగించింది. అంతే. అంత చిన్నది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పాఠం చివరిదాకా నడిచింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ నడిచింది.

అప్పుడు దండెం వైపు చూశాను. డానియేలన్న కవరు తీసి అవతల పడేయడం గుర్తొచ్చింది. మామయ్య డిపో నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. ఈ ఇంట్లో ఆయనతో నాకై నేను ఎప్పుడూ మాట్లాడలేదు. వెళ్ళి అడిగాను.

"మామా, బస్సు ఇంజన్ మీద బొంత కప్పితె ఏమైతది?"

ఆయన తువ్వాలు పట్టుకొని అలాగే నిలబడ్డారు. "గరమైతది బిడ్డా. గరమై నిలవడ్తది. ఎవడు కప్పిండు?"

"నేనే."

ఆ తర్వాత మీ ఉత్తరాలు వరసగా పరిచి చదివాను. మొదటి ఉత్తరంలోనే అడిగారు, గుడ్డ మందమా, వెనక మూశావా అని. నేను బొంత దూది అని కూడా రాశాను. ఆ తర్వాత ఒక్క ముక్క రాయలేదు. మీట తెల్లగా చెయ్యమన్నారు. ఫ్యాను తిప్పమన్నారు. "అది తియ్యి" అని రెండు మాటలు రాయలేదు.

నీకు తెలుసు. ఏప్రిల్ నుంచి తెలుసు. నాకు రాత లేదేమో అని ఏడుస్తూ రాస్తే లారీ పోతోందన్నావు. నేను చదువుకోనిదాన్ని, నువ్వు చెప్పిన ప్రతిదీ చేశాను. ఇంక మూడురోజులే ఉన్నాయి. ఎందుకు చెప్పలేదు?

మున్నీ
(మా ఇంట్లో నన్ను అలా పిలుస్తారు. నువ్వెప్పుడూ అడగలేదు.)

*

సర్వే శిబిరం
జూలై 11

మున్నీకి,

ఉత్తరం చదివి లోయ అంచు దాకా నడిచి వచ్చాను. మబ్బు కాళ్ళ కింది నుంచి పోతోంది. ఏం రాసినా తప్పించుకున్నట్టే ఉంటుంది, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాను.

అవును, తెలుసు. నీ రెండో ఉత్తరం చదవగానే తెలిసింది. గాలి పోయే దారులు ఆ డబ్బాకు వెనకే ఉన్నాయి. "కవరు తీసెయ్యి" అని రాశాను కూడా. మడిచాను. చింపేశాను.

ఆ డబ్బాను నేను కోఠీ పాత సామాన్ల బజారులో ఏరుకున్న ముక్కలతో చేశాను. నాన్న దాన్ని తుక్కు అనేవాడు. అమ్మ ఇంట్లో ప్రతి వస్తువుకూ కవరు కుట్టింది, దానికి తప్ప. అది ఇంటి వస్తువు కాదు, రేపో మాపో పోతుందని. పదేళ్ళు అది బట్ట లేకుండానే ఉంది. నేను లేనప్పుడు, నన్ను సరిగా చూడను కూడా చూడని ఒక అమ్మాయి దానికి తన పెళ్ళి తెర తొడిగింది. దాన్ని తీసెయ్యమని నా చేత్తో ఎలా రాసేది? ఇంకేదో కారణం దొరకాలని వెతికాను. దొరకదని తెలిసీ వెతికాను. ఎండలు పోతే సర్దుకుంటుందని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. అది బాగుపడితే నువ్వు రాయడం ఆపేస్తావని భయం వేసింది. "ఏమన్న ఉంటే రాయి" అన్నది నేనే గదా.

నా ఇష్టం కోసం నీ రెండు నెలలు తీసుకున్నాను. నువ్వు రాత లేదని ఏడ్చావు, నేను ఫ్యాను గురించి రాశాను. అది చిన్న తప్పు కాదు. ఆ మూడురోజుల్లో నువ్వు ముడి నేర్చుకున్నావో లేదో తెలియక ఇక్కడ రోజులు నడవడం లేదు. కవరు తీసి పెట్టెలో దాచు, నేను వచ్చి చూసుకుంటాను. సీటు రాకపోతే ఆ తప్పు నాది, నీలమ్మక్క దగ్గరికి నేనే వచ్చి చెబుతాను.

నన్ను 'నువ్వు' అన్నావు. ఆ ఒక్క పేజీ మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను.

జగదీశ్

*

లాల్‌దర్వాజా
జూలై 28

జగదీశ్,

నీ ఉత్తరం అందేసరికి కవరు పెట్టెలో దాచడానికి వీలు లేకుండా అయింది. ఎందుకో చెబుతాను.

ఆ మూడురోజులూ తొమ్మిదో పాఠం ఏడుసార్లు చూశాను. ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఆ పేజీ చీటీని నేనే మూశాను, ఈసారి భయపడకుండా. తర్వాత నమూనాకు ఏం కుట్టాలా అని ఆలోచిస్తుంటే దండెం మీది కవరు కనిపించింది. దాని వెనకవైపు చూస్తుంటే జాకెట్టు వీపు లాగా అనిపించింది. కొత్త మోస్తరు జాకెట్లకు వీపు మీద కిటికీ పెడతారు, చూసే ఉంటావు. దీనికీ ఒకటి పెడితే గాలి పోతుంది గదా.

కత్తెర తీసుకున్నాను. అత్తమ్మ పరుగున వచ్చారు.

"తెర మీద కత్తెర పెడ్తవా పిల్లా! ఏమన్న తెలివుందా నీకు?"

నేను విషయమంతా చెప్పాను. ఎక్కడ వేడి పుడుతుందో, ఎక్కడి నుంచి పోవాలో. నేను అంతసేపు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. కాసేపు గుడ్డను చేత్తో నిమిరారు. తర్వాత కింద కూర్చుని రెండు అంచులూ గట్టిగా పట్టుకున్నారు.

"పెండ్లయినంక తెరతోని పనేమున్నది? కొయ్యి. వంకర పోనియ్యకు."

నవారు మంచం పట్టెలకు గుడ్డ బిగించి పన్నెండు రోజులు కుట్టాను. కిటికీ అంచు చుట్టూ గొలుసు కుట్టు, మూలకొక మామిడి పిందె, ప్రతి కొసకూ చివరి ముడి. పాత చిలకల వెనక జిగురు గీకి, వాటికీ ముడులు వేశాను. పైన రెండు దారాలు వదిలి కుచ్చులు కట్టాను.

బోనాల ముందు వారం ఫలక్‌నుమాకు వెళ్ళాను. ఒక్కదాన్నే. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకొని కళ్ళు మూసుకుంటే నేను కూడా మబ్బు మీద పోతున్నట్టే ఉంది. కార్ఖానాలో ఆరు మగ్గాలు, అందరూ తలెత్తి చూశారు. నీలమ్మక్కకు కళ్ళజోడు ఉందని నాకు తెలియదు, వీడియోలో లేదు. అన్ని నెలలు ఆమె చేతులు చూశానేమో, ముఖం కొత్తగా అనిపించింది, చేతులు మాత్రం మా ఇంటివాళ్ళవిలాగే ఉన్నాయి.

ఆమె కవరు తిరగేసింది, మరగేసింది. "ఏం జాకిటే ఇది? గింత వీపు ఎవరిదమ్మా?" అంది. ఆరు మగ్గాలూ నవ్వాయి.

నేను నేలను చూశాను. తర్వాత పైకి చూశాను. "ఇది జగదీశ్ కంప్యూటర్‌ది అక్కా" అన్నాను. నీ పేరు. అందరి ముందు, గట్టిగా.

"జగదీశ్ ఎవరు?"

"మా ఆయన. గాలి ఆడక డబ్బ నిలవడ్తుండె, కిటికీ పెట్టిన."

ఆమె నవ్వలేదు. చిలక రెక్క దగ్గర దారం కొస గోళ్ళతో పట్టుకుంది. లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది, గుడ్డ ముడత పడింది గానీ దారం కదలలేదు. కిటికీ అంచున ఇంకో మూడుచోట్ల లాగింది. "వెనక ఇంత సాఫ్‌గ ఎవరు నేర్పిండ్రు?" అంది.

"మీరే" అన్నాను.

వచ్చే సోమవారం నుంచి రమ్మంది.

నీ మీద కోపం పోయిందా అని అడుగుతావు. సగం పోయింది. చింపేసిన ఉత్తరం నాకు రావాల్సింది. ఇంకెప్పుడూ చింపకు, నాకు నచ్చనిదైనా పంపు. మిగతా సగం నువ్వు వచ్చాక చూద్దాం. డబ్బా బాగుపడింది, అయినా రాస్తున్నాను. చూడు, నాలుగు పేజీలయ్యాయి.

ఇప్పుడు మధ్యాహ్నాలు చూడటానికి పాఠం లేదు. అయినా కాసేపు డబ్బా తెరిచి, ఏదో ఒక పాట పెట్టి, దాని వెనక కూర్చుంటాను. కిటికీలోంచి వెచ్చటి గాలి వస్తుంది. అరచెయ్యి అడ్డం పెడితే, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా తగులుతుంది. అత్తమ్మ వచ్చి తన చెయ్యి కూడా పెట్టి చూశారు. "పానం ఉన్నదే దీనికి" అన్నారు. వెళ్ళి టీవీ కవరు వెనకవైపు తిప్పి చూసుకుంటున్నారు. మామయ్య దాన్ని తుక్కు అనడం మానేశారు.

దసరాకు వస్తావని అత్తమ్మ అన్నారు. ఆరోజు తెర దించినప్పుడు నేను నీ పాదాలే చూశాను. ఈసారి తలుపు తీసేది నేనే. కిందికి చూడను.

మున్నీ